ఫోటోకు నిలబెట్టిన బండి

రాత్రి పడ్డ వాన తెల్లారేసరికి ముసురుగా మారింది. దుకాణంలో జిరాక్స్ కాగితాలకు చెమ్మ పట్టింది. మిషన్లో ఒకటి పోతే రెండు ఇరుక్కుంటున్నాయి. పింఛను దరఖాస్తుల కోసం నలుగురు బయట నిలబడి ఉన్నారు. కాగితాలు ఒక్కొక్కటే దులుపుతుంటే, రెంజల్ ఆటో నడిపే అతను తల లోపలికి పెట్టాడు.

"అన్నా, రసం అక్క పోయింది."

"ఎప్పుడు?"

"పొద్దుగాల. మూడింటికి మట్టి ఇస్తరట."

ఆ నలుగురి దరఖాస్తులు పూర్తి చేసే బయలుదేరాను.

రెంజల్ వైపు తిరిగిన వాళ్లయితే మీరూ ఆమె చేతి చెరుకు రసం తాగే ఉంటారు. ఆటోలు ఆగే చోట, నా దుకాణం ఎదురుగా, పద్నాలుగేళ్లు ఆ బండి నిలబడింది. దానికి ఇంజను లేదు. చేత్తో తిప్పే పెద్ద ఇనుప చక్రం, చక్రానికి గజ్జెలు. తిప్పీ తిప్పీ ఆమె కుడి భుజం ఎడమ దానికంటే దిట్టంగా ఉండేది. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి, అక్కడ కూలి చేసిన భర్త కూడా పోయాక ఆ బండే ఆమెకు ఆధారం.

పొద్దున మొదటి గడ అమ్మేది కాదు. రోలర్లు కడగడానికే దాన్ని నలిపి, ఆ రసం మోరీలో పోసేది. "దండుగ కదా అక్కా?" అన్నాను ఒకసారి.

"ఇనుముకు ఆకలైతది తమ్మీ. ముందు దానికి పెట్టాలె, అటెన్క మనకు."

సాయంత్రం వేడినీళ్లతో రోలర్లు కడిగి, తుడిచి, నూనె రాసి గాని ఇంటికి పోయేది కాదు. తీపి తడి ఒక్క పూట నిలిచినా ఇనుమును తింటుందనేది. ఎవరైనా ఐసు ఎక్కువ వేయమంటే, "నీళ్లు ఇంటికాడ తాగిరా, ఈడ నీళ్లకు పైసలు తీసుకోను" అనేది. నేను దుకాణం పెట్టిన కొత్తలో గిరాకీ లేదు. ఆమే రసం తాగేవాళ్లను "ఆడ నీడుంది, కూసోండ్రి" అని నా బెంచీ మీదికి పంపేది. కూర్చున్నవాళ్లు ఏదో ఒక కాగితం తీసి నాకిచ్చేవాళ్లు. నా దుకాణం అట్లా నిలబడింది.

కరోనా రెండో ఏడు పొద్దున పదింటి వరకే అమ్మకాలకు సడలింపు. ఎండ ఎక్కకముందు రసం ఎవరు తాగుతారు? బండి ఇంట్లోనే ఉండిపోయింది. అప్పుడే, లాక్‌డౌన్‌తో దెబ్బతిన్న వీధి వ్యాపారులకు సర్కారు బ్యాంకుల ద్వారా అప్పు ఇప్పిస్తుందన్నారు. ఆమె దరఖాస్తు నేనే నింపాను.

"వస్తే బేరింగులు మారుస్త తమ్మీ. ఓ పది కట్టల చెరుకు దింపుకుంట. మల్ల సాలు."

అమ్మే చోటనే బండితో సహా ఫోటో ఉండాలన్నది నిబంధన. సర్వే చేసే మనిషి తొమ్మిదిన్నరకు వస్తానని నాకు ఫోన్ చేశాడు. ఆమె తొమ్మిదికే బండి తోసుకొచ్చి నిలబడింది. పది కావస్తున్నా అతను రాలేదు.

"పోలీసోళ్లు వస్తరు తమ్మీ, బండి తీస్త."

"ఉండు అక్కా. ఫోటో లేకుంటే అప్పు రాదు. ఐదు నిమిషాలు."

ఆ మాట అన్నది నేనే. పది కాగానే నేను షట్టర్ దించుకుని లోపల కూర్చున్నాను.

పదీ పదికి అతను వచ్చినట్టుంది. "మాస్కు తియ్యమ్మా, మొఖం కనబడాలె. చక్రం పట్టుకొని నిలబడు" అనడం వినబడింది. అతని మోటారు సైకిలు అటు పోగానే ఇటు జీపు ఆగింది.

"సర్కారే నిలబెట్టింది సార్, ఫోటోకు."

"మాస్కు గూడ సర్కారే తియ్యమన్నదా?"

"అవ్ సార్."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. తర్వాత బండి కదిలింది. మలుపు దాకా గజ్జెల చప్పుడు వినబడింది. నేను షట్టర్ ఎత్తలేదు.

పోలీసులు బండిని స్టేషన్ ఆవరణలో పెట్టి, కోర్టు తెరిచాక జరిమానా కట్టి తీసుకపొమ్మన్నారు. కోర్టు ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు. మర్నాటి నుంచి ఆమె బిందెలో నీళ్లు, గుడ్డ పేలిక, సీసాలో నూనె పట్టుకుని స్టేషనుకు పోయేది. గేటు దగ్గరి కానిస్టేబుల్ అడిగాడట, "ఏమక్కా, అభిషేకమా?" అని.

"మేం చర్చికి పోయేటోళ్లం సార్, మాకు అభిషేకాలు లేవు. తానం పోస్తున్న."

అతను నాలుగు రోజులు చూసీచూడనట్టు ఊరుకున్నాడు. ఐదో రోజు పై అధికారి చూశాడు. జప్తు చేసినదాన్ని ముట్టుకుంటే ఇంకో కేసు పెడతానని వెళ్లగొట్టాడు. వానలు మొదలయ్యాయి. ఆమె గేటు బయట నిలబడి చూసి వచ్చేది.

ఆ వానల్లోనే అప్పు మంజూరైందని నా ఫోనుకు కబురొచ్చింది. పైసలు ఇచ్చే ముందు బ్యాంకు మనిషి వచ్చి బండి చూపించమన్నాడు. ఆమె అతన్ని స్టేషనుకు తీసుకపోయింది. నేనూ వెంట పోయాను.

"అగో, గదే."

అతను పరాచికం అనుకుని నవ్వాడు. బ్యాంకు మనిషి వెంట ఉన్నాడని గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. ఆమె లోపలికి పోయి రెండు చేతులతో చక్రం పట్టి గుంజింది. కదల్లేదు. అరచేతులకు తుప్పు అంటింది.

"నడిచే వ్యాపారానికే అమ్మా ఈ సాయం. ఇది నడుస్తలేదు కదా."

"నడిపేటందుకే కద సారూ అడిగింది."

అతను కాగితం మీద ఏదో రాసుకున్నాడు. బండి పక్కన ఆమెను నిలబెట్టి ఒక ఫోటో కూడా తీసుకున్నాడు. ఈసారి మాస్కు తియ్యమనలేదు.

తిరిగి వస్తుంటే ఆమె అన్నది: "రసమంత పోయినంక పిప్పిని తూకమేసేటందుకు వచ్చిండు." నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు.

అప్పు రాలేదు. బండిని విడిపించుకోలేదు. తర్వాతి మూడేళ్లు ఫంక్షన్ హాల్లో గిన్నెలు తోమింది. భుజం పట్టేసి చెయ్యి లేవకపోతే అదీ మానింది. దారిలో కనబడితే మాత్రం, "గిరాకీ ఉందా తమ్మీ?" అని అడిగేది.

మట్టికి ఇరవై మంది దాకా వచ్చాం. ముసురు ఆగలేదు. మిగతాది ఆటో అతను చెబితే తెలిసింది. పాస్టరు నాలుగింటికి పోయాడు. తక్కిన ఆటోవాళ్లు నాలుగుంబావుకు పోయారు. గేటు దగ్గరి కానిస్టేబుల్ మామూలు చొక్కాలో వచ్చి, గుంత పూర్తిగా పూడ్చేదాకా ఉండి, ఐదింటికి పోయాడు. నేను మూడుంముప్పావుకే వచ్చేశాను. దుకాణం తెరవాలి.