పసుపు కింద పగులు

రెండేళ్ల కిందట కొవ్వూరు వంతెన మీద లారీ తగిలి నా బైకు రెయిలింగుకి గుద్దుకుంది. నాకు మోచేయి గీరుకుపోయింది, అంతే. వారం తర్వాత మెకానిక్ బండి బాగుచేసి ఇంటికి తెచ్చాడు. మా అత్తగారు వెంటనే దిష్టి తీసి, హ్యాండిల్ కింద ఫ్రేము మెడకి దట్టంగా పసుపు రాశారు.

వీధి చివరిదాకా నడిపి చూశాను. బండి ఎడమకి లాగుతోంది. ఫ్రేము దెబ్బతిందేమో అన్నాను.

"ఫ్రేముకేం కాలేదండి మేడమ్ గారూ. ఆడవాళ్లకి భయం ఎక్కువండి," అని నవ్వాడు మెకానిక్.

ఆ నవ్వుకి నాకు ఒళ్లు మండింది. తడిగుడ్డ తెచ్చాను.

"పసుపు తుడుస్తావేంటే? అపచారం!" అని అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"రేపు మీ మనవరాలు ఎక్కేది దీనిమీదేనండి అత్తయ్యగారూ," అని తుడిచేశాను.

పెయింటు పెచ్చులూడిన చోట వెంట్రుకంత పగులు కనిపించింది. గోరు పెడితే దిగింది. మెకానిక్ నవ్వు ఆగిపోయింది.

అత్తగారు నా చేతిలోంచి గుడ్డ లాక్కుని, మిగిలిన పసుపంతా తనే తుడిచి, "ఇంకెక్కడైనా ఉందేమో చూడవే" అన్నారు.

ఇప్పటికీ నేను వంగి ఫ్రేము తడుముతుంటే నవ్వేవాళ్లున్నారు. నవ్వుకోనివ్వండి. మా ఇంట్లో బండికి పసుపు రాసేది నేను చూశాకే.