ముందు గుడ్డ, తర్వాత స్విచ్చి

మా నాయన బేతంచెర్లలో బండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కోత మిషన్ అడుగున రేకు మూత వెనక ఒక చక్రం ఉంటుంది. దాని చుట్టూ రాతి బురద పేరుకుంటుంది. సందులోంచి చెయ్యి పెట్టి తోడాలి. చక్రం తిరుగుతోందో లేదో బయటికి కనబడదు, మిగతా మిషన్ల హోరులో వినబడదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. మిషన్ నడిపే ఆయన షెడ్డు చివర గోడకున్న స్విచ్చి ఆపి, వెనక్కి వచ్చి, స్తంభానికి ఎర్రగుడ్డ కట్టాలి. గుడ్డ కనబడితే మిషన్ ఆగినట్టు.

కొన్నాళ్లకు ఆయన స్తంభం దారిలోనే ఉంది కదా అని, పోతూ పోతూ గుడ్డ కట్టేసి తర్వాత స్విచ్చి దగ్గరికి నడవడం మొదలుపెట్టాడు. వెనక్కి రావాల్సిన పని తప్పింది. నాయన ఎక్కడి నుంచో బురద తోడే బొచ్చె తెచ్చుకుని వచ్చేసరికి మిషన్ ఎలాగూ ఆగి ఉండేది. ఆ రోజు నాయన అప్పటికే బొచ్చెతో స్తంభం పక్కనే నిలబడి ఉన్నాడు.

కుడిచేతికి బొటనవేలు, చిటికెన వేలు మిగిలాయి.

ఫ్యాక్టరీ యజమాని చూడడానికి ఇంటికొచ్చాడు. "ఏమప్పా, గుడ్డ జూసి చెయ్యి పెట్టేస్తావా? చక్రం ఆగిందో లేదో నువ్వు చూసుకోవల్ల గదా? ఇన్నేండ్లలో ఎవరికన్నా అయిందా?"

"లేదు సామీ," అన్నాడు నాయన.

నేను తలుపు వెనక నిలబడి విన్నాను. ఆ సాయంత్రం డైరీలో ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకున్నాను. ఇంకేమీ రాయబుద్ధి కాలేదు.

నాయన చేతికి కట్టు ఉండగానే నా పనిలో ఒక చర్చ మొదలైంది. నేను కర్నూలులో ఇంజనీరింగ్ చదివి, ఇంటి నుంచే ఉద్యోగం చేస్తూ, మిగిలిన వేళల్లో ఒక కంపైలర్ కోసం పనిచేస్తున్నాను. మనం రాసిన ప్రోగ్రామును ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చేది కంపైలర్. ఇది ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా దాని కోడ్ చదవొచ్చు, మార్పు చెప్పొచ్చు. వాదనలన్నీ అందరికీ కనబడేలా ఈమెయిల్‌లో జరుగుతాయి. నలుగురిలో నోరు విప్పలేని నాకు అది సుఖంగా ఉండేది. అక్కడ కూడా ఎక్కువగా చదివేదాన్నే. పేరు బదులు ఒక్క అక్షరం పెట్టుకున్నాను. నన్ను అందరూ మగవాడినే అనుకునేవారు. నేను దిద్దలేదు.

ప్రాసెసర్లు మనం చెప్పిన వరసలోనే పనులు చేస్తాయన్న నమ్మకం లేదు. ముందు విలువ రాయి, తర్వాత 'సిద్ధం' అని గుర్తు పెట్టు అంటే, వేగం కోసం గుర్తే ముందు బయటపడొచ్చు. పక్క ప్రాసెసర్ గుర్తు చూసి, ఇంకా రాయని విలువను చదివేస్తుంది. అలా జరగకుండా మధ్యలో ఒక అడ్డు పెడతారు. ఆ కంపైలర్ పనిచేసేవాళ్లలో ఒక పెద్దమనిషి తెచ్చిన మార్పు ఆ అడ్డు గురించే. చదివే వైపు వాళ్లు ప్రోగ్రామింగ్ భాష నియమాల్లో చెప్పిన పద్ధతిలో చదవకపోతే, రాసే వైపు అడ్డు దండగ, కంపైలర్ దాన్ని తీసేయాలి అన్నాడు. ప్రోగ్రాములు కాస్త వేగంగా నడుస్తాయి.

నియమం ప్రకారం ఆయన చెప్పింది నిజమే. కానీ పాత ప్రోగ్రాములెన్నో ఆ పద్ధతిలో చదవవు. ఆ అడ్డును నమ్ముకునే ఏళ్లుగా సరిగ్గా నడుస్తున్నాయి. అలాంటి ఒక చిన్న పాత కోడ్‌ను, రాసినాయన వదిలేసి పోతే, నేను చూసుకుంటున్నాను. నావరకు దిద్దుకోగలను. దాన్ని ఎప్పుడో తమ యంత్రాల్లో పెట్టుకుని మరిచిపోయినవాళ్లు ఎవరో, ఎక్కడున్నారో నాకు తెలియదు. మార్పు కంపైలర్ లోపలికి వస్తే వాళ్ల యంత్రాలు చెప్పాపెట్టకుండా తప్పు విలువలు చూపిస్తాయి. దాన్ని ఆపాలి.

వద్దని రాశాను. నా పాత ఫోన్‌లో తప్పు బయటపడే చిన్న పరీక్ష కూడా జతచేశాను. మిగతావాళ్లు తమ యంత్రాల మీద ఏమీ కాలేదన్నారు. ఇన్నేళ్లలో ఫిర్యాదు వచ్చిందా అని ఒకరు అడిగారు. అడ్డు ఉంది కాబట్టి రాలేదన్నాను. నియమం పాటించని ప్రోగ్రాముకు మేం దేనికీ జవాబుదారులం కాము అన్నాడు ఆ పెద్దమనిషి.

వారం పొడుగునా అదే. నాయన గడప మీద కూర్చుని ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం నేర్చుకుంటున్నాడు.

"పొద్దున్నుంచి ఆ డబ్బా ముందరే కూచోనుండావు. ఎవురితో పాపా కొట్లాట?" అన్నాడు.

"ఈమెనా? కూరలో ఉప్పు లేదన్నా నోరు తెరవదు. ఈమె కొట్లాడితే ఎదుటోడు నిద్రపోతాడు," అంది అమ్మ.

నాయన నవ్వాడు. వేళ్లు పోయాక నేను చూసిన మొదటి నవ్వు. విషయమేమిటో చెప్పాను. గుర్తు ముందు పెట్టి పని తర్వాత చేసినా ఫరవాలేదంటున్నారు నాయనా అన్నాను. నవ్వు ఆగిపోయింది. కంచం పక్కకు జరిపాడు.

"వాళ్లకు మన సంగతి చెప్పు," అన్నాడు.

అమ్మకు నచ్చలేదు. "ఊరికే ఇంటి సంగతులు యాడాడి వాళ్లకో చెప్పేదేంది?"

"చెప్పనీలే. ఈడ ఎవురు ఇన్నారు, వాళ్లన్నా ఇంటారేమో."

రాశాను. బురద, స్తంభం, గుడ్డ, స్విచ్చి, అన్నీ. పంపే ముందు రెండుసార్లు చదువుకున్నాను. జవాబులు మర్యాదగానే వచ్చాయి. మీ తండ్రిగారి విషయం బాధాకరం, కానీ పోలిక పరీక్ష కాదు అని ఒకరు రాశారు. మరొకరు, ఆ ఉదాహరణలో కూడా చెయ్యి పెట్టే ముందు చక్రం చూసుకోవడం ఆయన బాధ్యత కదా అన్నారు. ఆ వాక్యాన్ని నాయనకు తెలుగులో చెప్పలేదు. బాగా విన్నారు నాయనా, ఆలోచిస్తామన్నారు అని మాత్రం చెప్పాను.

మార్పు లోపలికి వచ్చేసింది. నా దగ్గరున్న కోడ్‌లో చదివే చోట్లన్నీ ఒక్కొక్కటే దిద్దాను, కొత్తది వాడండని పైన రాసిపెట్టాను. నాయన మళ్లీ అదే ఫ్యాక్టరీకి పోయాడు, ఈసారి గేటు కాడ లారీలకు చీటీలు రాయడానికి. ఎడమచేత్తో రాస్తే అక్షరాలు గుర్తుపట్టలేకున్నామని వాళ్లు మాన్పించారు. ఇప్పుడు గేటు తెరిచి మూస్తాడు.

ఆ తర్వాత కొన్ని నెలలకు ఒక అపరిచితుడు రాశాడు. ఏ దేశమో తెలియదు. మందులు దాచే చల్లటి గదిలో వేడిమి కొలిచే యంత్రం తన బాధ్యతలో ఉందట. కంపైలర్ మార్చినప్పటి నుంచి అప్పుడప్పుడు ఉన్నట్టుండి సున్నా చూపిస్తోంది, తీగలు మార్చాను, యంత్రమే మార్చాను, నేను ఎక్కడ తప్పు చేస్తున్నాను అని అడిగాడు. అతని యంత్రంలో ఉన్నది నేను చూసుకుంటున్న కోడే, కానీ దిద్దకముందుది.

మీ తప్పు కాదు అని మొదటి వాక్యం రాశాను. తర్వాత ఏం జరిగిందో, ఏం మార్చుకోవాలో విడమరచి రాశాను.

మరుసటి రోజు జవాబు వచ్చింది. కృతజ్ఞతలు చెప్పాడు. ఆ పని నుంచి తనను అప్పటికే తప్పించారనీ, ఈ వివరం తన బదులు వచ్చినవారికి పంపుతాననీ రాశాడు.

అతని అనుమతి అడిగి, ఆ రెండు ఉత్తరాలనూ పాత చర్చకు జతచేశాను. మీరడిగిన ఫిర్యాదు వచ్చింది అని రాశాను. ఈ చర్చ ముగిసింది, అవసరమైతే కొత్తది మొదలుపెట్టండి అని ఒక్క ముక్క వచ్చింది.

కొత్తది మొదలుపెట్టాను. ఈసారి ఒక్క అక్షరం కాదు, నా పూర్తి పేరు పెట్టాను. ఇంకా ఎవరూ బదులివ్వలేదు.