మా మరదలు నోటితో నడిపించిన వ్యాను

మా మరదలికి వరస పిచ్చి. మా తమ్ముణ్ణి చేసుకుని ఇంటికొచ్చిన కొత్తలోనే, గుమ్మం దగ్గర చెప్పులన్నీ ఎవరు ముందు బయటికెళతారో ఆ వరసలో సర్దిపెట్టింది. "ఇది ఇల్లా, మిలిటరీ క్యాంపా?" అని కయ్యిమన్నాను. "పొద్దున్నే చెప్పులేవీ అని అరిచేది మీరే కదా వదినా" అంది మెత్తగా. నోరు మూసుకున్నాను. నా నోరు మూయించడం మాటలు కాదు, మా తమ్ముణ్ణి అడగండి చెప్తాడు.

నేను బడి వ్యాను నడుపుతాను. అదే వ్యానులో తను ఆయా. పిల్లల్ని ఎక్కించడం, దించడం, ఏడ్చేవాళ్ళని బుజ్జగించడం తన పని. ఏళ్ళ తరబడి ఆ మెట్లు ఎక్కీ దిగీ మోకాలు కాస్తా అరిగిపోయింది. "మెట్ల పని మానెయ్యమ్మా" అని డాక్టరు తేల్చేశాడు. మానేస్తే ఇంట్లో కూర్చోవాలి. అది ఇంట్లో కూర్చునే మనిషా? కూర్చుంటే చెప్పులతో ఆగదు, మమ్మల్ని కూడా వరసలో నిలబెడుతుంది.

సరిగ్గా అప్పుడే వ్యాన్ల ఆఫీసు గుమాస్తా రిటైరయ్యాడు. మధ్యాహ్నాలు నేను వ్యానులో గుర్రు పెడుతుంటే, ఈవిడ కంప్యూటర్ టీచరమ్మ పక్కన చేరి ఎక్సెల్ నేర్చుకుందట! ఆ ధైర్యంతో ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గరికెళ్ళి, ఆ కుర్చీ నాకిప్పించండి అని అడిగేసింది. మేడమ్ ఎగాదిగా చూసి, "బడి తెరిచే రోజు పిల్లల్ని ఎక్కించుకునే టైములు నువ్వే తయారుచెయ్యి. పిల్లలు వేళకి గేట్లోకొస్తే కుర్చీ నీదే. గందరగోళమైతే వేరేవాళ్ళని పెట్టుకుంటా" అన్నారు.

గుమాస్తా వదిలేసిపోయిన షీట్లో కిటుకు ఇది. మొదట ఎక్కే పిల్లాడి టైము టైపు చేసి ఉంటుంది. మిగతావాళ్ళందరికీ ఫార్ములా. పై గడిలోవాళ్ళ టైముకి, అక్కణ్ణుంచి వీళ్ళింటికి పట్టే నిమిషాలు కలుపుకుంటుంది. అంతే. మరదలు కొత్త పిల్లల్ని వాళ్ళ వాళ్ళ చోట్లలో దూర్చింది, మారిన దారులకి నిమిషాలు సరిచేసింది. బడి తెరవడానికి ముందురోజు మధ్యాహ్నానికి మా వ్యాను షీటు ముత్యంలా తయారైంది. సాయంత్రం మేడమ్ దాన్ని తల్లిదండ్రులకి పంపించాలి.

అక్కడితో ఊరుకుంటే మా మరదలు ఎందుకవుతుంది! పాపం తల్లులు ఇంత పొడుగు జాబితాలో పిల్లల పేర్లు ఎక్కడ వెతుక్కుంటారని జాలిపడి, పేర్లన్నీ అక్షరక్రమంలోకి సార్ట్ చేసింది. టైముల వైపు చూడకుండానే సేవ్ చేసి, మూసేసి, నాతో టీ తాగడానికొచ్చింది. తిరిగెళ్ళి ప్రింటు తీద్దామని తెరిచి, "వదినా!" అని ఒక్క కేక పెట్టింది. గ్లాసు అక్కడే పడేసి పరిగెత్తాను.

పై సగంలో టైములే లేవు, అన్నీ తప్పు గుర్తులు. మొదటి స్టాపులో ఎక్కే నిద్రమొహంగాడు జాబితా మధ్యలో తేలాడు. వాడి కిందున్నవాళ్ళకి టైములున్నాయి గానీ, ఏం టైములవి! బడి గేటు పక్కింట్లో ఉండే బుజ్జిదాన్ని, ఊరవతలి నిద్రమొహంగాడి వెనకాలే ఎక్కించుకోవాలట.

"వెనక్కి తిప్పవే!" అన్నాను.

"సేవ్ చేసి మూసేశాక వెనక్కి రాదు వదినా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఎవడడిగాడు నిన్ను అక్షరక్రమం?"

దాని ముఖం పాలిపోయింది. మోకాలు పట్టుకుని కూర్చుని, "ఆ కుర్చీ నాది కాదేమో వదినా" అంది. తిట్టడానికి ఇంకా బోలెడు మాటలున్నాయి గానీ, మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చాను.

తాగి, ముక్కు తుడుచుకుని ఒక గడి మీద నొక్కింది. ఇంకోటి నొక్కింది. "వదినా, ఫార్ములాలు చెడిపోలేదు. ప్రతి గడీ ఇప్పటికీ 'నా పైవాళ్ళకి నా నిమిషాలు కలుపు' అనే అంటోంది. పైన కూర్చున్నవాళ్ళే మారిపోయారు. ఎవరి చోట్లో వాళ్ళని కూర్చోబెడితే..." అని ఆగి, గిరుక్కున నా వైపు తిరిగింది. "వ్యాను తియ్యండి!"

"ఇప్పుడా? ఎక్కడికే?"

"ఇక్కడే. నోటితో."

సరేనని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. చేతుల్లో స్టీరింగ్ ఉన్నట్టే పట్టుకున్నాను. "షెడ్డులోంచి తీశాను, వంతెన దాటాను" అన్నాను. "నిద్రమొహం. ఒకటి" అని వాడి పేరు పక్కన టైపు చేసింది. "రంపం మిల్లు దగ్గర ఎడమకి." "బూట్లు మర్చిపోయేవాడు. రెండు." అలా సందు సందూ తిరిగాం. ఒకచోట నేను ఊపులో పోతుంటే, "ఆగండాగండి! కవలల్ని వదిలేసి పోతున్నారు!" అని నిజంగానే బల్ల మీద బ్రేకు కొట్టినట్టు కొట్టింది. నవ్వలేక ఇద్దరం చచ్చాం. బుజ్జిదాని పక్కన ఆఖరి నంబరు పడింది.

"ఇప్పుడు నంబర్ల వరసలో సార్ట్" అని నొక్కింది. అబ్బ! ఒక్క దెబ్బకి తప్పు గుర్తులన్నీ మాయం. పైనుంచి కింద దాకా టైములన్నీ ఎక్కడివక్కడ కూర్చున్నాయి. ఆఖరి గడి కూడా బడి గంటకి ముందే.

తల్లుల మీద జాలి మాత్రం వదల్లేదు మహాతల్లి. ఇంకో షీటు తెరిచి, ఫార్ములాలు వదిలేసి పేర్లూ టైములూ మాత్రమే అందులో పేస్ట్ చేసి, దాన్ని అక్షరక్రమంలోకి మార్చింది. ఒక్క టైమూ కదల్లేదు. మేడమ్ వచ్చి కాగితం చూసి, "వెతుక్కోవడానికి బాగుందే" అన్నారు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు, చూసుకుంటే నవ్వాగదు.

మర్నాడు పొద్దున ఏ గుమ్మం ముందు ఆపినా పిల్లలు సిద్ధం. నా సర్వీసులో ఇలాంటి మొదటి రోజు లేదు. ఆఖరి స్టాపులో ఫోను మోగితే కొత్త ఆయా నా చెవి దగ్గర పెట్టింది.

"ఎక్కడున్నారు వదినా?" ఆఫీసులోంచి మరదలు.

"నీ షీట్లో ఆఖరి గడిలో. బుజ్జిది ఎక్కుతోంది."

గంట మోగకముందే గేట్లోకి తిప్పాను. ఆఫీసు కిటికీలోంచి మరదలు నిలబడి చూస్తోంది. వెనకే మేడమ్ వచ్చి కుర్చీ జరిపి, "ఇంకా నిలబడతావేం, కాలు నొప్పి కదా, కూర్చో" అనడం నా చెవులారా విన్నాను.

బడి ఆవరణలో హారన్ కొట్టకూడదని రూలు. ఆ క్షణాన రూలెవడికి గుర్తుంటుంది? గట్టిగా కొట్టాను. మేడమ్ గుడ్లురిమి చూశారు. చూడనీ. మా మరదలు కుర్చీలో కూర్చుంది.