తేదీ తిప్పే వీరాంజనేయులు

కాలాన్ని వెనక్కి తిప్పగల మొనగాడు నరసరావుపేట మొత్తానికి ఒక్కడే, రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే వీరాంజనేయులు. నమ్మకపోతే మీ ఖర్మ. అక్కడి మిషనుకున్న కంప్యూటర్‌లో 2015 దాటిన తేదీ ఉంటే ప్రోగ్రామ్ తెరుచుకోదు. కంపెనీకి ఫోను చేస్తే, "ఆపరేటింగ్ సిస్టమ్ పాతదండీ, రీస్టార్ట్ చేసి చూడండి" అని నాలుగేళ్లుగా ఒకటే పాట. అందుకని రోజూ పొద్దున్నే తేదీని పదేళ్లు వెనక్కి తిప్పి, రిపోర్టుల మీద అసలు తేదీ పెన్నుతో దిద్దేవాడు. "దేవుడికీ చేతగాని పనిరా ఇది" అని మీసం దువ్వేవాడు.

డెంగీ జ్వరంతో బొల్లాపల్లి నుంచి వచ్చిన ధనలక్ష్మి రిపోర్టు మాత్రం రద్దీలో దిద్దడం మరిచాడు. ఆమెకు ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. ఆ రిపోర్టుతో అదే రోజు గుంటూరు తీసుకెళ్తే, అక్కడి డాక్టరు తేదీ చూసి, "పదేళ్లనాటి కాగితం తెచ్చారేందయ్యా" అని పక్కన పడేసి, మళ్లీ రక్తం తీయించాడు. ఆ ఫలితం వచ్చేలోపే ఆమె పోయింది.

మర్నాడు ఆమె భర్త గోపాలకృష్ణయ్య ఆ కాగితం తెచ్చి బల్లమీద పెట్టాడు. అరవలేదు.

"పదేళ్లు తిప్పుతావంటగా అన్నా. నాకు ఒక్క రోజు తిప్పు, చాలు."

వీరాంజనేయులు జేబులోంచి పెన్ను తీసి, ఆ కాగితం మీద నిన్నటి తేదీ దిద్దాడు.