‘ఇంకా?’ అనే మనిషి

పాస్టర్ల పనినీ సంఘాల తీరునూ పరీక్షించడానికి పైవాళ్లు పంపే ఆ అధికారికి కోపమన్నదే లేదు. ఎవరేం చెప్పినా తల ఓ పక్కకు వాల్చి, మెత్తగా "ఇంకా?" అనేవాడు. అంత మెత్తని మాటకు భయపడతానని నేను అనుకోలేదు.

బద్వేలు దగ్గర మా చర్చికి ఆయన వచ్చింది పత్తి తీసే రోజుల్లో. ఆయన సరేనంటేనే మా పాస్టరయ్య మా దగ్గర ఉంటాడు. అందుకని పొగడ్తకు ఎవరూ వెనుకాడకూడదని ముందే అనుకున్నాం.

"ఆదివారం ఎంతమంది వస్తారమ్మా?" అని అడిగాడు.

"కూలి మానుకొని యాడ వస్తామయ్యా?" అంది మరియమ్మ నవ్వుతూ. "అయ్యగారే సేనికాడికొచ్చి ప్రార్థన చేస్తాడు. ప్రభువు రొట్టె ఆ గట్టుమీదనే ఇస్తాడు."

"ఇంకా?"

"మా ఇంటాయన బాప్తిస్మం తీసుకోలేదు. 'నువ్వూ ఆకలిగొన్నోడివే కదప్పా' అని ఆయనకూ ఇచ్చినాడు. శానా మంచి మనిషి!"

అందరూ చప్పట్లు కొట్టారు. పాస్టరయ్య తల వంచుకున్నాడు. బాప్తిస్మం లేనివాడికి ఆ రొట్టె ఇవ్వడం సంఘం కట్టుబాటులో ఎంత పెద్ద తప్పో నాకప్పుడు తట్టింది.

"ఇంకా?"

"చాల్లేప్పా, ఇంకేం అడగొద్దు," అన్నాను.

"అడిగేదేమీ లేదు తాతా," అని నవ్వి, ఖాళీ టీ గ్లాసు కింద పెట్టాడు.

ఆ గ్లాసు తీసుకోవడానికి పాస్టరయ్య భార్య రాలేదు. ఆమె అప్పటికే చర్చి పక్కనున్న తమ ఇంట్లోకి పోయి, అటక మీది ట్రంకుపెట్టె దించుతోంది.