మాఘంలో తోలిన పెంట

మా అక్క మొగుడు, మా బావ, పట్నంలో బట్టల దుకాణంలో పనిచేసేవాడు. ఇంటి మీద ఇల్లు పడ్డట్టుండే గల్లీలో కాపురం. అక్కడ ఇంటి చెత్తను గల్లీ మూలన పోస్తే సర్కారు బండి వచ్చి ఎత్తుకుపోయి, ఊరవతల గుంటల్లో కుమ్మరించేదట. మా ఊరు ఇబ్రహీంపట్నం వచ్చినప్పుడల్లా ఆయనకు ఈ ముచ్చటే. అంత సొమ్మును గుంటల పాలు చేసుకునే జనం ఏం తిని బతుకుతారోనని మా అమ్మ నిజంగానే బెంగపడేది.

నైజాం కాలంలో మా ఊళ్లో ఏ రైతు ఇంట్లోనూ పారేసేది అంటూ ఉండేది కాదు. పేడ, పొయ్యి బూడిద, పశువులు నమిలి వదిలిన చొప్ప, వాకిలి ఊడ్చిన దుమ్ము, అన్నీ వాకిటి పక్కనున్న పెంటకుప్పకే. మృగశిర కార్తె ముందర, వానలు పడబోయేటప్పుడు, దాన్ని బండ్లకెత్తి ఎరువుగా పొలానికి తోలేవాళ్లం. పిల్లనిచ్చే వాళ్లు వస్తే ముందు చూసేది కూడా ఆ కుప్పనే. కుప్ప పెద్దదైతే పశువులున్నట్టు, పశువులుంటే పంట ఉన్నట్టు. పిల్లగాడి మొహం సంగతి ఆ తరువాత, తీరికుంటే!

నా మొహం చూడకపోయినా పరవాలేదు, పిల్ల మాత్రం ఆమే కావాలని నాకు పట్టుకుంది. హయత్‌నగర్ అంగడిలో చూశాను. పెసర్లు కొనడానికి వచ్చిన బేరగాణ్ణి నవ్విస్తూనే ఓడించి పంపింది. నాకు అన్నం సయించలేదు. సిగ్గు విడిచి అమ్మకు చెప్పేశాను, చేసుకుంటే ఆమెనే చేసుకుంటానని. వాళ్ల ఊరు శేరిగూడకు కబురు పోయింది. వాళ్ల నాయన మా ఇల్లు చూడడానికి వస్తానన్నాడు.

ముందురోజు బావ దిగాడు. నేను జొన్నచేను కావలికి పోయి ఉన్నాను. వాకిట్లో కంపు పెట్టుకుంటే పిల్లనెవడిస్తాడని ఆయన జీతగాణ్ణి పిలిచి, ఎద్దులను కట్టించి, కుప్ప మొత్తం చెరువు కింది పొలానికి తోలించాడు. మాఘమాసంలో పెంట తోలిన రైతును ఎవరైనా చూశారా? అమ్మ నోరెత్తలేదు. అల్లుడి మాటకు అడ్డం చెబితే అక్కకు ఇబ్బంది. సాయంత్రం నేను వచ్చేసరికి అలికిన వాకిలి, పెద్ద ముగ్గు, మధ్యలో నవ్వుతూ బావ. అలకగానే పండుగ కాదన్న సామెత ఈయన విన్నాడో లేదో గానీ నా గుండెల్లో రాయి పడింది.

తెల్లారి పిల్ల నాయన వచ్చాడు. వాకిటి పక్కన చూశాడు. ఇంటి వెనక్కి పోయి చూశాడు. పశువులు మేతకు పోయాయి, కొట్టం ఖాళీ. పెంటకుప్ప ఏదని అడిగితే, అప్పటికైనా ఊరుకోవచ్చు కదా, బావ ఛాతీ విరుచుకుని చెప్పాడు.

“మా ఇంట్ల గసుంటి గలీజు ఉండది.”

ఆయన మంచం మీద కూర్చోనే లేదు. పశువులను అమ్ముకున్నారా అని మెల్లగా అడిగాడు. లేదు, మేతకు పోయాయని అమ్మ అంటే, అబద్ధానికి ఊపినట్టు తల ఊపాడు. పొద్దు పోతుంది, పోయొస్తానన్నాడు. ఇంకా పొద్దు ఎక్కనే లేదు. ఆయన చెప్పులేసుకుంటుంటే నాకు అంగడి, పెసర్లు, ఆ నవ్వు, అన్నీ ఒక్కసారే చేజారిపోతున్నట్టయింది. అడ్డం పోయి నిలబడ్డాను.

“మామా, పెంట పొలంల ఉన్నది. జర వచ్చి చూడు.”

సంబంధమే కుదరలేదు, అప్పుడే మామ! బావ నాలుక కరుచుకున్నాడు. పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూసి, నవ్వాపుకుని, పదమన్నాడు. బావ కూడా మా వెంట వచ్చాడు.

పొలంలో కుప్పను చూడగానే ఆయన నడక మారింది. చుట్టూ తిరిగాడు. అంగీ చేయి పైకి మడిచి, మోచేతి దాకా లోపలికి దించాడు. ఒకచోట, మరోచోట, ఇంకోచోట. కుండపెంకు తగల్లేదు, గాజుముక్క తగల్లేదు, తుమ్మముల్లు గుచ్చుకోలేదు. ఎవరు ఏరుతారని అడిగాడు. మా అమ్మ అని చెప్పాను. గంప కుమ్మరించే ముందు రోజూ వేళ్లు పెట్టి దేవుతుందని, నాట్లేసే ఆడవాళ్లు బురదలో వట్టికాళ్లతో దిగుతారు కదా, వాళ్లకు గుచ్చుకుంటాయని ఆమె భయమని చెప్పాను.

ఆయన మోచేతికి అంటిన పెంట దులుపుకున్నాడు.

“కూలోళ్ల కాళ్ల ఫికర్ ఉన్న ఇంట్ల నా బిడ్డకేం తక్కువైతది,” అన్నాడు చివరికి. నాకు ఆ గట్టు మీదే గంతులెయ్యాలనిపించింది. బావ నాకంటే గట్టిగా నవ్వాడు, మొత్తం ఘనత తనదే అన్నట్టు. పెద్దమనిషి పిడికెడు పెంట తీసి తువ్వాల కొంగున కట్టుకున్నాడు. బిడ్డకు చూపెట్టాలట.

ఆ మాఘంలోనే పెళ్లయింది. కొన్నాళ్లకు ధైర్యం చేసి నా భార్యను అడిగాను, నన్ను చూడకుండానే ఎట్లా ఒప్పుకున్నావని. వాళ్ల నాయన తువ్వాల విప్పితే వాసన చూసిందట, వేళ్లతో నలిపి చూసిందట, మంచిగా మాగిందని, ఇంకేం ఆలోచించకుండా సరేనన్నదట.

“అప్పుడు నిన్ను జూసుంటే జర సోంచాయించేదాన్ని,” అంది.