తాళం వెయ్యని కబురు

ఈ రోజు పొద్దున ఇంటర్నెట్ లేకుండా, కేవలం లైసెన్సు తీసుకుని సరదాకి నడుపుకునే మా హ్యామ్ రేడియోల మీదుగా, మయూర్ విహార్‌లోని నా కంప్యూటర్ నుంచి నోయిడాలో ఉన్న స్నేహితురాలు సునీత కంప్యూటర్‌కి చాటింగ్ కలిపాం. అక్షరాలు తెర మీద పడుతుంటే ఆ సంబరంలో వాట్సాప్‌లో వాగినట్టే వాగేశాను. "మూర్తి అంకుల్ ఆదివారం వస్తానన్నారు. వస్తే రెండు గంటలు వదలరు. ఇంట్లో లేనని చెప్పేస్తా" అని కొట్టాను.

హ్యామ్ రేడియోలో పంపే కబురుకు తాళం వెయ్యకూడదు. ఎవరు పట్టుకున్నా చదవగలగాలి. లైసెన్సు పరీక్షకు ఆ నియమం మాకు నేర్పింది, మా మేడ మీద యాంటెన్నా కట్టింది పక్క అపార్ట్‌మెంట్ సొసైటీలో ఉండే మూర్తి అంకులే.

కాసేపటికి ఆయన ఫోన్ చేశారు.

"మీ లింకు ఎలా ఉందో చూద్దామని నేనూ రేడియో పెట్టుకుని కూర్చున్నానమ్మా. బ్రహ్మాండంగా వస్తోంది. ఒక్క అక్షరం కూడా పోలేదు."

"అంకుల్, అది..." అన్నాను.

"అచ్ఛా, ఆదివారం నాకు వేరే పనుందిలే" అని పెట్టేశారు.

ఆదివారం నేనే వాళ్లింటికి వెళ్దామనుకుంటున్నాను. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో మీరెవరైనా చెప్పండి. రేడియోలో మాత్రం చెప్పకండి.